నడిమి స్వరాలు

“నడిమి స్వరాలు కలిపావా? ఎవరినడిగి కలిపావు?”

బెర్టెలో మాస్టారు చేతికర్రతో నేలను పొడిచారు. వెర్సాయ్ రాజనాటకశాల అంతా చెక్కే. ఆ ఒక్క దెబ్బకు పై అంతస్తు అద్దాలు కూడా అదిరాయి.

“ఒక్కసారి వినండి మాస్టారూ. మీరు వద్దంటే సాయంత్రం ప్రదర్శనలో ఒపేరాలో కథానాయకుడు నిద్రపోయే ఈ ఘట్టమే తీసేస్తాను,” అంది వాద్యబృందాన్ని నడిపే సొలేన్.

వేదిక మీద వయొలిన్ వాయించే తిబో గతుక్కుమన్నాడు. “తీసేస్తావా? జనం వచ్చే వేళకా?”

“మాటిచ్చాను తిబో. నువ్వు నడిపించు. నేను మాస్టారి పక్కన కూర్చుంటాను.”

ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కొలువు సంగీతాన్ని అచ్చువేసినవాళ్లు పై రాగాన్నీ, కింది మంద్రాన్నీ వేసి ఊరుకున్నారు. నడుమ వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు ఏం పలికేవో గాలికి వదిలేశారు. ఆ ఖాళీని ఇప్పటివాళ్లు పూరిస్తామంటే మాస్టారికి ఒళ్లు మంట.

“పోయినవాడి నోట్లో మన మాటలు పెడితే లోకం నవ్విపోతుంది. నాకు తెలుసు,” అని గొణుగుతూ మెట్లెక్కారాయన. మతిమరుపు ముదిరింది పాపం. పొద్దుటి నుంచీ సొలేన్‌ను ఒక్కసారీ అసలు పేరుతో పిలవలేదు. తిన్న భోజనం కూడా గుర్తులేదు.

పైన స్తంభాల వెనక, అద్దాల పక్కన సొలేన్ ఆయన్ని కూర్చోబెట్టింది. తిబో తలూపాడు.

ముందు ఫ్లూట్లు. వాటి కింద మెల్లగా వయోలాలు. చెక్కగోడలు, బంగారుపూత, అద్దాల్లోని దీపాలు అన్నీ కలిసి ఊపిరి తీస్తున్నట్టనిపించింది సొలేన్‌కు. రాజులు పోయినా ఈ నిద్రపాట మాత్రం ఇక్కడే ఎవరికోసమో కాచుకుని ఉన్నట్టుంది.

మాస్టారి కర్ర ఒడిలోకి జారింది. ఆయన కూనిరాగం అందుకున్నారు. వయోలాల కంటే ఒక్క అడుగు ముందే!

“చూశావా అమ్మాయ్! గొప్ప సంగీతమంటే ఇదీ. రాబోయే స్వరం ముందే నోటికొచ్చేస్తుంది!”

పాట ఆగింది. మాస్టారి చెంపలు తడిసిపోయాయి.

“ఇది ఈ పాట కట్టిన ఆ మహానుభావుడి చెయ్యే. ఇప్పటివాళ్ల తరమా ఇది!”

“ఇప్పటివాళ్లు రాసిందే మాస్టారూ.”

ఆయన తెల్లబోయారు. “నువ్వా?”

సొలేన్ తల అడ్డంగా ఊపింది.

“మరెవరు? ఇన్నాళ్లూ నోరు పారేసుకున్నాను. చెయ్యి పట్టుకుని క్షమాపణ చెప్పుకోవాలి. ఏడీ, నాకు చూపించు!”

సొలేన్ ఆయన భుజాలు పట్టుకుని మెల్లగా అద్దం వైపు తిప్పింది.