ముందు సీట్ల జవాను

కొత్తకోట దాటంగనే రోడ్డు మీద పోలీసులు లారీలు ఆపుతున్నరు.

"టోపీ పెట్టుకో సీతారాములూ," అన్నడు ధర్మయ్య, లారీ నడుపుకుంటనే.

సీతారాములు పంజాబ్ సరిహద్దుల మిలిటరీ జవాను. సెలవు అయిపోయి తిరిగి పోతాండు. హైదరాబాద్‌ల రైలెక్కిస్తనని అక్క మొగడు ధర్మయ్య తన లారీల తీసుకొచ్చిండు. సీతారాములు యూనిఫాం వేసుకునేదాక ఇంట్ల ఊకోలేదు.

"లారీల ఏమున్నది బావా?"

"ఉల్లిగడ్డ." ధర్మయ్య గొంతు తగ్గించిండు. "కింద గంజాయి. నిన్ను జూస్తే ఆపరు. అక్క కోసం జర సప్పుడు చేయకు."

మత్తుసరుకు సరిహద్దు దాటకుండ ఆపబోయి, సెలవుకు ముందే సీతారాములు దోస్తు తూటా తగిలి పోయిండు.

హెడ్ కానిస్టేబుల్ లోపలికి చూసి సెల్యూట్ కొట్టిండు. "పోనియ్," అన్నడు.

సీతారాములు తలుపు తీసి కిందికి దిగిండు.

"టార్పాలిన్ ఇప్పి చూడుండ్రి సార్."

"మీరున్నంక ఎందుకు సార్?"

"నేనున్ననని చూడకపోతే ఎట్ల? అడుగున గంజాయి ఉన్నది."

ధర్మయ్య స్టీరింగు మీద తల పెట్టిండు. "మీ అక్కకు ఏం చెప్తవురా?"

సీతారాములు పోలీసులకు జరిగింది చెప్పి సంతకం పెట్టిండు. పెట్టె దించుకొని రోడ్డు దాటి, అక్క ఊరికి పోయే బస్సెక్కిండు.