ముందు ఉరికిందా, ముందు జారిందా?

బేస్‌బాల్ ఆట అయిపోయింది. తాండూరు గెలిచింది. అయినా వికారాబాద్ గ్రౌండ్‌లో ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు. అందరూ స్కోరు టేబుల్ చుట్టూ మూగారు.

తగువు గెలుపు గురించి కాదు. ఆ చివరి పరుగును స్కోరు పుస్తకంలో ఏమని రాయాలన్నదే తగువు.

మూడో బేస్ మీదున్న తాండూరు జట్టు పిల్ల, యాలాల్ నిఖిల, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ మీదికి దూసుకొచ్చింది. అప్పుడే ప్లేట్ వెనక బంతి పట్టే వికారాబాద్ క్యాచర్ రెబెక్క గ్లవ్‌లోంచి బంతి జారింది. పిచ్చర్ బంతి విసరకముందే నిఖిల ఉరికి ఉంటే, అది హోమ్ స్టీల్, అంటే దొంగిలించిన పరుగు. ఘనత నిఖిలది. తర్వాత బంతి జారినా రెబెక్క మీద తప్పు పడదు. అలా కాక, బంతి జారడం చూసి ఉరికి ఉంటే, అది పాస్డ్ బాల్, అంటే క్యాచర్ వదిలేసిన బంతి. నిఖిలకు దక్కేదేమీ లేదు. తప్పంతా రెబెక్కదే.

రాష్ట్ర క్యాంపుకు ఎవరిని పంపాలో సెలెక్టర్లు ఆ పుస్తకం చూసే తేలుస్తారు. స్టీల్ అని రాస్తే ఇద్దరు పిల్లలూ క్యాంపుకు పోతారు. పాస్డ్ బాల్ అని రాస్తే ఇద్దరూ ఇంటికి.

రాయాల్సింది మత్తయ్య. రెబెక్కకు కన్నతండ్రి.

తాండూరు కోచ్ పరమేశ్ పొద్దున ఈ సంగతి మీదే గొడవకు దిగాడు. "బిడ్డ ఆడుతుంటే తండ్రి స్కోరు రాసుడేంది సార్?" అని నలుగురిలో నిలదీశాడు. కానీ చుట్టుపక్కల స్కోరు రాయడం తెలిసిన మనిషి మత్తయ్య ఒక్కడే. ఇరవై ఏళ్లుగా వ్యాయామ టీచరు.

"నా బిడ్డ అని చూడ పరమేశ్. కండ్లతోటి చూసిందే రాస్త," అన్నాడు మత్తయ్య, పెన్సిల్ చెక్కుకుంటూ. తర్వాత చాయ్ తాగేటప్పుడు, "ఇరవై ఏండ్లు గ్రౌండుల ఉరికిన. ఏమొచ్చింది? మోకాళ్ల నొప్పులు," అని నవ్వాడు కూడా. పరమేశ్ మాత్రం నవ్వలేదు.

ఇప్పుడు అదే పరమేశ్ మనసులో దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు. మత్తయ్య సార్‌కు జర కూతురి మీద ప్రేమ పుట్టించు స్వామీ అని. పొద్దున వద్దన్న పక్షపాతం సాయంత్రానికి ఎంత ముద్దొచ్చిందో!

"సార్, నేను మూడో బేస్ పక్కన్నే ఉన్న. సైగ చేసింది నేనే. పిల్ల ముందే ఉరికింది," అన్నాడు.

"నీ పిల్ల గురించి నువ్వు గట్లనే అంటవ్," అన్నాడు మత్తయ్య.

రెబెక్క మొహానికున్న మాస్కు తీసింది. "సార్..." గ్రౌండ్‌లో తండ్రిని అలాగే పిలవాలని ఇంట్లో కట్టడి. "నిఖిల ముందే ఉరికింది. ఆమె వచ్చుడు చూసే నా చెయ్యి బెదిరింది."

"తప్పు తప్పించుకునేటందుకు నువ్వు గట్లనే అంటవ్."

ఆ గ్రౌండ్‌లో హోమ్ ప్లేట్‌గా పాతింది తాండూరు నాపరాతి బండే. "మన బండ మీదికి మనమొస్తే దొంగతనమెట్లయితది?" అని పొద్దుటి నుంచీ తోటి పిల్లలను నవ్విస్తున్న నిఖిల, ఇప్పుడు గీరుకుపోయిన మోచెయ్యి కూడా చూసుకోకుండా ఆ పెన్సిల్ వైపే చూస్తోంది.

మత్తయ్య పెన్సిల్ ములికిని నాలుకకు తగిలించుకున్నాడు. రాశాడు. పుస్తకం అందరివైపూ తిప్పాడు.

పాస్డ్ బాల్.

ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. ఇక అందరూ అందుకున్నారు. "మనిషంటే గిట్లుండాలె. సొంత బిడ్డ అని గూడ చూడలే!" అన్నారు. ఒక సెలెక్టరు లేచి వచ్చి మరీ చేయి కలిపాడు. ఇద్దరు ముగ్గురు ఫొటోలు దిగారు. రెబెక్క కిట్ బ్యాగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి జనానికి మత్తయ్య మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

పరమేశ్ తన పిల్లలను వెంటబెట్టుకుని బయల్దేరాడు. కన్నబిడ్డకే వ్యతిరేకంగా రాసిన మనిషిని, అబద్ధం రాశావని ఏ మొహం పెట్టుకుని అడగడం? స్టేషన్‌కు నడిచే దారిలో తన కళ్లనే అనుమానించడం మొదలుపెట్టాడు.

"నేనే తప్పు చూసిన్నేమో బిడ్డా," అన్నాడు నిఖిలతో.

"నేను ముందే ఉరికిన సార్."

"గంత పెద్దమనిషి అబద్ధం రాస్తడా? అది గూడ సొంత బిడ్డ మీద?"

నిఖిల తల వంచుకుంది. స్టేషన్ చేరేసరికి ఆ పిల్లకు కూడా తన కాళ్ల మీద నమ్మకం పోయింది. "ఏమో సార్, గుర్తులేదు," అంది.

తాండూరు బండికి ఇంకా గంట టైముంది. పొద్దున నలుగురిలో తానన్న మాట పరమేశ్‌ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అలాంటి మనిషిని ఎంత మాటన్నాను అని సిగ్గుపడ్డాడు. పిల్లలను తోడొచ్చిన టీచరమ్మకు అప్పగించి, క్షమాపణ చెప్పుకుందామని ఆటో ఎక్కి గ్రౌండ్‌కు తిరిగి వచ్చాడు.

గ్రౌండ్ ఖాళీగా ఉంది. సామాన్ల గది వెనక మత్తయ్య అటు తిరిగి, ఫోన్‌లో భార్య రాహేలమ్మతో మాట్లాడుతున్నాడు. పరమేశ్ రెండు చేతులూ జోడించి, ఆయన మాట ముగిసేదాకా వినయంగా నిలబడ్డాడు.

"ఇగ నీ ఫికర్ తీరింది రాహేలూ, ఆ తాండూరు పిల్ల ముందే ఉరికింది గానీ నేను బంతి జారిందనే రాసిన, మన బిడ్డ క్యాంపుకు పోయే ముచ్చటే లేదు, సోమవారం నుంచి సక్కగ నీట్ కోచింగ్‌కే పోతది."