ఏడవని పేషంటు

టిష్యూ డబ్బాను జ్యోత్స్న ముందుకు జరిపింది. వీరమ్మ దాన్ని మళ్లీ వెనక్కి జరిపింది.

ప్రతి గురువారం ఇదే వరస.

జ్యోత్స్న సూర్యాపేటలో మనసుకు మాటలతో వైద్యం చేస్తుంది. వీరమ్మ ఆత్మకూరు నుంచి ఆటోలో వచ్చే పేషంటు, డెబ్బైకి దగ్గరపడింది. భర్త పోయి రెండేళ్లయింది, ఈమధ్య నిద్ర పట్టడం లేదు. దుఃఖం లోపల గడ్డకట్టిందని, ఏడిస్తే కరుగుతుందని జ్యోత్స్న మొదటిరోజే తేల్చేసింది.

ఈ మనిషి ఏడిస్తే కదా!

"మీ ఆయన గుర్తొస్తున్నారా అమ్మా?"

"ఎందుకు యాదికి రాడు? మంచోడే." వీరమ్మ కొంగు సర్దుకుంది. "ఎండకాలం గొర్లు కాసే దుర్గయ్య మా చెల్కల మంద పెట్టిండు డాక్టరమ్మా. ఎరువైతదని."

మళ్లీ గొర్రెలే. జ్యోత్స్నకు తలప్రాణం తోకకొచ్చింది.

మిర్యాలగూడలో ఉన్న తన తల్లి అయితే, పోయిన నాన్న పేరెత్తితే చాలు, ఇప్పటికీ కుళ్లి కుళ్లి ఏడుస్తుంది. ఈవిడకు మందా ఎరువూ కావాల్సి వచ్చాయి.

పేషంటు మీద కోపం తెచ్చుకోకూడదని చదువుకుంది. అయినా వచ్చింది.

"గొర్రెల సంగతి తర్వాత. నిద్ర ఎందుకు వస్తలేదో చెప్పండి."

"గదే సెప్తున్న, జర ఆగు."

వీరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"దుర్గయ్య పెండ్లాం సచ్చిపోయింది. పొద్దుగూకినంక గట్టు మీద కూసొని నాతోని ముచ్చట పెడుతుండె. మంద లేపుకొని పోయేటప్పుడు, కలిసి బతుకుదామా అన్నడు. వానలు పడంగనే మల్ల వస్తడంట. పండుకుంటే గదే మతిల తిరుగుతది."

మళ్లీ జ్యోత్స్న వైపు తిరిగింది.

"నాకైతే ఇష్టమే బిడ్డా."

చెప్పి, పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ వయసులోనా?"

మాట జారాక జ్యోత్స్న నాలుక కరుచుకుంది.

వీరమ్మ నవ్వు ఆగిపోయింది. బల్ల కింద కాళ్లతో చెప్పులు వెతుక్కుంది. సంచి చంకన పెట్టుకుని లేచింది.

"అమ్మా, కూర్చోండి. నేనన్నది అది కాదు..."

"ఏం కాలేదు తియ్యి."

తలుపు దాకా వెళ్లింది. గొంతులో కోపం లేదు.

"మా ఇంట్లోల్లు గూడ గదే అన్నరు. నువ్వు పరాయిదానివి గదా, నా మాట ఇంటవనుకున్న."