మూడో కూత

“రెండు కావాలంటే కూస్తానప్పా. మూడు మాత్రం కూయను,” అన్నాడు హనుమంతు, సైరన్ పిడి మీంచి చెయ్యి తీసేస్తూ.

భానుప్రకాశ్‌కు ఒళ్ళు మండింది. మదనపల్లె నుంచి టూరిస్టు వ్యాన్లు నడుపుతాడతను. ఈసారి వ్యాన్‌లో వచ్చినవాళ్ళకు నిన్న హార్సిలీ హిల్స్ చూపించాడు. పొద్దున పుంగనూరు పొట్టి ఆవుల పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించాడు. ఇప్పుడు కుప్పం దాటి, ఎప్పుడో మూతపడిన ఈ బంగారు గనికి తీసుకొచ్చాడు. కొండ మీద చలి లేదని ఒకరు, ఆవు తోక ఊపలేదని ఒకరు, దారి పొడుగునా సణుగుడే. ఇక వాళ్ళకు చూపించడానికి మిగిలింది ఈ సైరనొక్కటే.

“రెండు కూస్తే షిఫ్టు మారినట్టు, మూడు కూస్తే లోపల మనిషి పోయినట్టు. వీళ్ళు ఇంత దూరం వచ్చింది ఆ మూడోది వినేదానికే గదన్నా?”

“ఊర్లో ముసిలోళ్ళుండారప్పా.”

“గని మూసి ఇరవై ఏండ్లు దాటె. ఇప్పుడెవురొస్తారు?”

భానుప్రకాశ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“సూడన్నా, ఈడ వాచ్‌మన్ పని నీకిప్పించింది నేను. తిప్పలేనంటే చెప్పు. రేపట్నుంచి తిప్పేవాణ్ణి పెట్టుకుంటా.”

అంతటితో మాట అయిపోయింది. ఈ వయసులో హనుమంతును పిలిచి ఇంకో పని ఇచ్చేదెవరు? అతను మళ్ళీ పిడి మీద చెయ్యి వేశాడు.

భానుప్రకాశ్ వెంటనే ముఖం మార్చుకుని జనం వైపు తిరిగాడు. “గని నడిచిన రోజుల్లో ఈ సైరన్ తిప్పింది ఈయనే సార్. ఈయన చేత్తో మూడో కూత ఒక్కసారి గూడా కూయలేదంట. అంటే ఈయన డ్యూటీలో ఒక్క ప్రాణం గూడా పోలేదు!”

అందరూ చప్పట్లు కొట్టారు. మనవాళ్ళు దేనికైనా కొడతారు. హనుమంతు తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

“మూడు కూతలు వినబడితే ఊర్లో ఆడోళ్ళు తలా ఒక కొత్త పంచె పట్టుకొని గేటు కాడికి వచ్చేటోళ్ళంట. మొగుడు బతికి పైకొస్తే పంచె తిరిగి పెట్టెలోకి పోతాది. లేదంటే దాంట్లోనే చుట్టి ఎత్తుకొని పోయేది,” అంటూ భానుప్రకాశ్ కొనసాగించాడు.

“అయ్యో,” అంది నీలిమ అనే ఆవిడ, వీడియో ఆపకుండానే.

హనుమంతు తిప్పాడు. ఒక కూత. రెండో కూత. అక్కడ చెయ్యి ఆగింది. భానుప్రకాశ్ గట్టిగా దగ్గాడు. మూడోది కూడా కూసింది.

గని నడిచిన రోజులు తెలియని ఊరి కుర్రకారు అడవి ఏనుగులొచ్చాయనుకొని, వాటిని తరమడానికి రాగి చేలల్లో డబ్బాలు వాయించారు. వ్యాన్ జనానికి అది కూడా బాగుంది. ఆ తర్వాత చెట్టు నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. హనుమంతు మాత్రం సైరన్ దగ్గరనుంచి కదల్లేదు.

తిండి సగంలో ఉండగా బాట మీద ఒక ముసలామె కనబడింది. పరుగు లేదు, ఏడుపు లేదు. పొలం నుంచి ఇంటికి పోయి ఇటు వచ్చినట్టుంది, కాళ్ళకు మన్ను అట్లాగే ఉంది. చంకలో తెల్ల పంచె. అది కొత్తదే, కానీ మడతల దగ్గర పసుపుపచ్చగా మారిపోయింది.

“గేటు తీయప్పా,” అంది బయట నిలబడి.

“ఎవురవ్వా నువ్వు?” అన్నాడు భానుప్రకాశ్.

“వెంకటరత్నమ్మను. చెంగయ్య పెండ్లాన్ని. మూడు కూసినారు గదా.”

భానుప్రకాశ్‌కు ముందు సంతోషమే వేసింది. ఇంత బాగా కుదురుతుందని అతను అనుకోలేదు. వీడియో తీసుకోండని సైగ కూడా చేశాడు. కానీ ఆమె గేటు కమ్మీ పట్టుకొని వదలకపోయేసరికి భయం పట్టుకుంది.

“అవ్వా, ఎవురికీ ఏమీ గాలేదు. వీళ్ళు వింటామంటే ఊరికే కూసినాము. గని మూసి శానా ఏండ్లాయె.”

“తెలుసప్పా. గేటు తీయి.”

“మతి తప్పినట్టుంది, పాపం,” అంది నీలిమ.

“మతి బాగానే ఉండాదమ్మా.” ఆమె గొంతులో కోపం లేదు, ఏదీ లేదు. “లోపలికి పోవల్ల. అంతే.”

భానుప్రకాశ్ ఇంకో ఎత్తు వేశాడు. “మీ ఆయన ఇంటికాడ ఎదురు సూస్తా ఉంటాడు. పో అవ్వా.”

“ఇంటికాడ లేడు. షిఫ్టుకు పోయినోడు తిరిగి రాలే. అసలు పనికే రాలేదు, ఎవుతితోనో లేచిపోయినాడని గని పెద్దోళ్ళు చెప్పిరి. ఊరంతా అదే మాట అనె. ఇప్పుటికీ అంటాండారు.”

పులిహోర తింటున్నవాళ్ళు తినడం ఆపారు.

“మరి ఈ పొద్దు ఈడికి ఎందుకు వచ్చినావు?”

ఆమె, తాళంచెవి పట్టుకొని వస్తున్న హనుమంతునే చూస్తోంది. అతను తలెత్తకుండా తాళం తీసి, గేటు తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె పంచె మడత విప్పి రెండు చేతుల మీదా పరుచుకుంది.

“మా ఆయన లోపల పోయిన పొద్దు రెండే కూసి ఊరుకుంటివి గదా హనుమంతూ. ఇప్పుటికి మూడోది కూసినావు. ఇంక శవాన్నియ్యి, ఎత్తుకొని పోతా.”