వజ్రఘోష మిక్సీ

మూత అదిమి పట్టుకున్నా, కొత్త మిక్సీ టమాటా గుజ్జంతా నా మొహాన చిమ్మింది.

"మళ్లీ అదే కంపెనీనా నాన్నా! వాళ్ల ఫ్యాను తిరగదు, గొడుగు తెరుచుకోదు. ఇప్పుడిదా?"

నాన్న తువ్వాలు అందించాడు. మొహం తుడుచుకుంటూనే అరిచాను.

"ఆ ఓడ పేరు పెట్టుకున్నంత మాత్రాన వీళ్లకి దానితో చుట్టరికమా? వీళ్లు సముద్రం మొహమైనా చూసుండరు!"

"తెలుసమ్మా. ఏ సంబంధమూ లేదు."

"తెలిసే కొంటున్నావా!" నాకు ఒళ్లు మండిపోయింది. మిక్సీని సంచిలో కుక్కి, తిరిగిచ్చేద్దామని కొట్టుకి వెళ్లాను.

కొట్టాయన తల గోక్కున్నాడు. "నాసిరకమని నేనూ మొత్తుకున్నానమ్మా, పెద్దాయన వింటేగా! వచ్చి, 'వజ్రఘోషలో ఏమేం ఉన్నాయి?' అంటారు. వజ్రఘోష ఇస్త్రీపెట్టె, వజ్రఘోష టార్చిలైటు అని నేను చెప్పుకుపోతుంటే కళ్లు మూసుకుని వింటారు. అన్నీ చెప్పించుకున్నాక, ఊరికే వెళ్లడానికి మొహమాటపడి ఏదో ఒకటి కొంటారు."

సంచి నా చేతిలోనే ఉండిపోయింది.

వజ్రఘోష మా అన్నయ్య పనిచేసిన ఓడ. అది మునిగిన రోజు నుంచి, అమ్మ తట్టుకోలేదని ఇంట్లో ఎవరమూ ఆ పేరెత్తలేదు. అమ్మ పోయాక కూడా ఎత్తలేదు.

"వేరే కంపెనీది ఇవ్వమంటారా?" అన్నాడు కొట్టాయన.

వద్దన్నాను. ఇంటికొచ్చి మిక్సీని మళ్లీ వంటగట్టు మీదే పెట్టాను.

"నాన్నా, ఒకసారి ఇలా రా. ఈ వజ్రఘోష మూత కాస్త గట్టిగా పట్టుకో."