నకలు కాయితం

"నా మాట ఇను గుర్వమ్మా. ఆ కాయితం తేకు," అంటూ నర్సింగమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

గుర్వమ్మ చెప్పులు తొడుక్కుని కూడా కదల్లేకపోయింది. గడప మీద ఉన్నది అత్తాయె, దాటిపోలేదు.

"తేకుంటే ఎట్ల అత్తా? మిల్టరోళ్లు డప్పు కొట్టిచ్చి మరీ చెప్పిండ్రు గద. పదహారు నిండనోడైతే పుట్టిన కాయితం సూపియ్యాలె, జాబితాల పేరు కొట్టేస్తరు. లేకుంటే రేపు మాపటికల్లా పోరన్ని అప్పజెప్పాలె."

"బీరన్నకు పదహారు యాడ నిండినయే?"

"నాకెర్క, నీకెర్క. వాళ్లకెర్కనా?"

అటక మీద, ఉన్ని మూటల వెనక బీరన్న దగ్గాడు. కింద ఇద్దరూ ఒక్కసారే "ష్" అన్నారు.

వాడు చేసిందల్లా దళంవాళ్లకు రెండుసార్లు సద్ది మోయడం. ఇంకా, ఊరంతా పోయి దొర గడీలో కాయితాలు తగలబెట్టిన నాడు అగ్గిపుల్ల గీయడం. పోలీసు పటేలు రాసిన పుట్టుక చావుల బుక్కు కూడా ఆ మంటలోనే పోయింది. "నీ పుట్టుకను నువ్వే కాలబెట్టుకుంటివి గదరా," అని గుర్వమ్మ వాణ్ణి వందసార్లయినా తిట్టి ఉంటుంది.

"రామన్నపేట కచ్చేరిల ఆ బుక్కుకు జోడు బుక్కున్నదట. అడిగితే నకలు ఇస్తరట. జర జరుగు అత్తా."

ముసలామె జరగలేదు. "బీరన్నకన్న ముందు ఇద్దర్ని, పేరు పెట్టిన తెల్లారే మట్టిల పెడితివి. యాదికున్నదా? వీనికి గూడ పేరు పెట్టిన తెల్లారే ఒళ్లు కాలవట్టె. అప్పుడు పటేలు దగ్గరికి ఉరికింది నేను. నేను రాయించిందే వాన్ని ఇన్నేండ్లు కాపాడింది. దాన్ని కెలుకకు."

"ఏం రాయించినవ్?"

"ఏందో రాయించిన తీ. బయటికి చెప్తే దాని బలం పోతది."

గుర్వమ్మకు అనుమానం వచ్చింది. దిష్టి తగలకుండా నాలుగేండ్లు ఎక్కువేసి రాయించిందేమో. అదే నిజమైతే తన చేత్తో తనే కొడుకును జైలుకు పంపినట్టు. పోనీ ఊరుకుంటే? రేపు మాపటికి ఎలాగూ పట్టుకుపోతారు. అత్తను రెక్క పట్టి పక్కకు జరిపి బయటపడింది.

కచ్చేరిలో మున్షీ బుక్కు తిప్పుతుంటే గుర్వమ్మ తొంగి చూసింది. తెలుగైతే కూడబలుక్కుని చదవగలదు. ఈ ఉర్దూ రాత మాత్రం ఆమె కళ్లకు చీమల బారులా ఉంది.

"దుర్గయ్య కొడుకు బీరన్న. ఉన్నడమ్మా," అన్నాడు మున్షీ. ఇంకో నాలుగు పుటలు తిప్పి ఆగాడు. "రెండు తావుల ఉన్నడు. రెండూ దించాల్నా?"

రెండు తావులంటే రెండు వయసులు. ఇంకేముంటుంది? ఒకటే దించమంటే అనుమానపడతాడు. "దించు అయ్యా," అంది.

రాసి, మొహరు గుద్ది, కాయితం చేతికిస్తూ మున్షీ తలెత్తి చూశాడు. "ఎంతమంది పిల్లలమ్మా నీకు?"

"వాడొక్కడే అయ్యా."

మున్షీ చొచ్చొ అన్నాడు. ఆ చప్పుడు వినగానే గుర్వమ్మ కాయితాన్ని గుప్పిట్లో బిగించి బయటికి నడిచింది.

కచ్చేరి నుంచి మిలటరీ క్యాంపు నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగుల్లోనే ఆమె కళ్ల ముందు కొడుకు నల్గొండ జైలుకెళ్లాడు, దెబ్బలు తిన్నాడు, ఎడ్లబండి మీద గొంగడి కప్పుకుని తిరిగొచ్చాడు. కాయితాన్ని నోట్లో పెట్టుకుని నమిలి మింగుదామా అని రెండుసార్లు అనుకుంది.

క్యాంపు పెట్టిన బడి వరండాలో బల్ల వెనక తలపాగా సర్దారు కూర్చుని ఉన్నాడు. పక్కన తెలుగు వచ్చిన కానిస్టేబులు.

"ఏం కావాల్నో చెప్పక్కా."

"నా కొడుకు పేరు తీసెయ్యున్రి దొరా. వాడేం జెయ్యలే. వానికి లోకమే తెల్వది."

సర్దారు కాయితాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. జాబితా తీసి, వేలు పెట్టి వెతికి, బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. గుర్వమ్మ కళ్లు మూసుకుంది.

"నిన్ను గాదక్కా," అన్నాడు కానిస్టేబులు. "జాబితా ఇచ్చినోన్ని తిడుతున్నడు. పగ పెట్టుకుని నోటికొచ్చిన పేర్లన్నీ రాయించిండట."

ఎర్ర పెన్సిలు జాబితా మీద అడ్డంగా గీత గీసింది. సర్దారు లేచి నిలబడి గుర్వమ్మకు రెండు చేతులూ జోడించాడు. కొట్టే దొరల్ని చూసింది గానీ దండం పెట్టే దొరను ఆమె ఎన్నడూ చూడలేదు. భయం ఇంకా ఎక్కువైంది.

"గాయన నాకెందుకు దండం బెడుతున్నడు తమ్మీ?"

కానిస్టేబులు వంగి, కాయితంలో ఏం రాసి ఉందో మెల్లగా చెవిలో చెప్పాడు.

గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కానిస్టేబులు గబగబా లోటాతో నీళ్లు తెచ్చాడు. "ఊకో అక్కా, ఊకో. మన రాత గట్లుంటది. ఇగ మీ ఇంటి దిక్కు ఎవ్వరూ రారు."

రామన్నపేట పొలిమేర దాటాకే ఆమె కొంగు తీసింది.

నర్సింగమ్మ ఇంకా గడప మీదే ఉంది. "కెలికి వచ్చినవా?" అంది. గుర్వమ్మ వంగి, పండుగ కాని నాడు మొదటిసారి అత్త కాళ్లు మొక్కింది. తర్వాత అటక కేసి తలెత్తి, ఊరికంతా వినబడేలా పిలిచింది.

"దిగు బిడ్డా. నువ్వు సచ్చిపోయి పదిహేనేండ్లాయెనట."