ముడికో రంగు

"ఈ నాలుగు తాళ్ళలో ఒకటి ఎంచు. దాని మీదే నీ చెల్లెలు కిందికి దిగుతుంది," అంది అక్క.

ఉడత తాళ్ళ వైపూ చెల్లెలి వైపూ మార్చి మార్చి చూశాడు.

అది తొమ్మిదంతస్తుల మేడ పైకప్పు. సోమవారం పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. తాళ్ళ మీద వేలాడుతూ బయటి అద్దాలు తుడవడం వాళ్ళ పని. ఆ ముఠాకి మేస్త్రి ఈ అక్క, అందరూ అలాగే పిలుస్తారు. ఉడత పదో తరగతితో చదువు వదిలేశాడు కానీ గోడలెక్కడం వదల్లేదు, అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్ళు. చెల్లెల్ని ఈ పనిలో పెట్టించింది వాడే. ఆమె తాడు మీద దిగడం ఇవాళే మొదలు.

చెల్లెలు నడుముకి బెల్టు బిగించుకుని, పిట్టగోడ పక్కన నిలబడి తొంగి చూస్తోంది.

"అన్నయ్యా, కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి చూడు!"

"ముందు వెనక్కి రా నువ్వు!" అని అరిచాడు ఉడత.

తాళ్ళు నాలుగూ నేల మీద పరిచి ఉన్నాయి. ఒక్కోదాని కొసన ఒక ఇనుప రింగు, రింగుకి ముడి. ఈ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ముడి వేసినవాళ్ళు దాని పక్కనే తమ రంగు టేపు చుట్టాలి. అక్కది ఎరుపు, పెద్దాయనది నీలం, బక్కోడిది పసుపు, ఉడతది ఆకుపచ్చ. ఏదైనా జరగరానిది జరిగితే ఎవరి చేతి పనో తెలియాలి కదా! ఇవాళ మాత్రం టేపులు కనపడకుండా అక్క వాటి మీద గుడ్డపీలికలు చుట్టేసింది.

"పొద్దున్నే ఇదేం పరీక్షక్కా?"

"వీటిల్లో తాగిన చేత్తో కట్టినవి కూడా ఉన్నాయి తమ్ముడూ. అందుకే చూడమంటున్నా."

ఉడత చప్పున బక్కోడి వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు తల దించుకున్నాడు.

శనివారం సాయంత్రం షెడ్డులో ఆ బక్కోడి పుట్టినరోజు పార్టీ. ఉడతా తాగాడు. ప్రతి శనివారం తాగుతూనే ఉన్నాడు. "మానెయ్యమని అనట్లేదురా, తగ్గించుకో. ఎన్ని తాగుతున్నావో లెక్కన్నా పెట్టుకో," అని అక్క నెలరోజులుగా పోరుతోంది. "మత్తు తలకే అక్కా, నా చేతులకి ఎక్కదు!" అని వీడి జవాబు. మొన్న కూడా అదే అన్నాడు. మూడో గ్లాసు దాకా గుర్తుంది. ఆ తర్వాత ఎవరో చప్పట్లు కొట్టడం లీలగా గుర్తు. ఆదివారమంతా పడుకున్నాడు. ఇందాక లిఫ్టులో పెద్దాయన "ఏం విన్యాసాలురా నాయనా!" అంటే, పాట పాడి ఉంటాననుకుని నవ్వేశాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మొదటి ముడి. మెలిక పక్కన మెలిక చక్కగా పడుకుంది. కొస జానెడు మిగిలింది.

"ఇది నాదే. శనివారం పనయ్యాక కట్టా. నా చేతి ముడి నాకు తెలీదా?"

రెండోది బాగానే ఉంది కానీ, కొస నాలుగు వేళ్ళే.

"ఇది నీదా అక్కా? తొందరలో కట్టినట్టున్నావు."

"దీని మీద చెల్లెల్ని దింపుతావా?"

"నేల మీదైతే పర్లేదు. కొస పొట్టి, బరువు పడితే జారొచ్చు. ఇక్కడ వద్దు."

మూడోదాన్లో మెలికలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. లాగితే వేలెడు జారింది.

"పెద్దాయనదేమో. పాపం, చూపు ఆనట్లేదు."

పెద్దాయన ఏదో అనబోయాడు. అక్క కళ్ళతోనే ఆపింది.

నాలుగోది చూడ్డానికి ముడిలాగే ఉంది. పట్టుకుని లాగాడు. సర్రున ఊడి, తాడు కొస ఒళ్ళో పడింది.

ఉడతకి పై ప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలి వైపు చూశాడు. పిట్టగోడ వైపు చూశాడు. కింద సిమెంటు రోడ్డు. పిడికిళ్ళు బిగించుకుని లేచి, ఒక్క ఊపులో బక్కోడి కాలరు పట్టుకున్నాడు.

"ఒరేయ్, నా చెల్లెల్రా అది! చంపేద్దామనుకున్నావా?"

"తప్పు నాదీ ఉందన్నా..." బక్కోడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వదులు వాణ్ణి," అంది అక్క. "ఆ నాలుగో ముడి వేసినవాణ్ణి ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"చెప్పేదేముంది? ఎన్ని తాగాడో వాడికే తెలిసుండదు! తాగడం అదుపులో పెట్టుకునేదాకా వాడు తాడు ముట్టుకోడానికి వీల్లేదు. ఆ రెండోదీ మూడోదీ కట్టినవాళ్ళు కూడా అంతే. పెద్దాచిన్నా చూడొద్దక్కా."

"మాట మీద నిలబడతావా?"

"చెల్లెలి మీద ఒట్టు."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "బెల్టు విప్పెయ్యమ్మా. వీటి మీద నిన్ను దింపాలని నేను అసలు అనుకోలేదు."

తర్వాత వంగి, గుడ్డపీలికలు ఒక్కొక్కటే విప్పింది.

నాలుగు తాళ్ళకీ ఉన్నది ఆకుపచ్చ టేపే, దాని మీద పోనుపోను వంకర్లు తిరిగిపోతూ శనివారం పార్టీలో ఉడత తన చేత్తోనే రాసుకున్న గ్లాసుల లెక్క: సున్నా, నాలుగు, ఆరు, ఎనిమిది.